కందిగింజలోని గ్రంథం

తెలుగువారి ఇంట పొయ్యి వెలిగిందంటే ఏదో ఒక పూట దానిమీద కందిపప్పు ఉడికిందన్నమాటే. ముద్దపప్పూ, ఆవకాయా, నెయ్యీ పొత్తు కుదిరితే ఆ పూట మరి దేనికీ వెలితి ఉండదు. ఇంత దగ్గర చుట్టమైన కందిని గురించి మనకు తెలిసింది ఎంత? ధర తెలుసు. మెత్తగా ఉడుకుతుందో, రాళ్ళల్లే ఉండిపోతుందో తెలుసు. అంతకు మించి విచారించే ఓపిక మనకు లేదు.

కాని ఆ గింజలో ఒక గ్రంథం ఉన్నది. మాటవరసకు అంటున్నది కాదు. మొక్క ఎంత ఎత్తు పెరగాలి, ఎన్నాళ్ళకు పూయాలి, వాన ముఖం చాటేస్తే ఎలా తట్టుకోవాలి, తెగులు వస్తే లొంగాలా ఎదురు తిరగాలా అన్న సంగతులన్నీ అందులో వ్రాసి ఉన్నవి. ఆ వ్రాత పేరు డి.ఎన్.ఏ. మన భాషకు యాభై ఆరు అక్షరాలు కావలసి వచ్చినవి గాని, ఆ భాషకు నాలుగే అక్షరాలు: ఏ, టీ, జీ, సీ. కంది గ్రంథంలో ఈ నాలుగు అక్షరాలే అటూ ఇటూ మారుతూ సుమారు 83 కోట్ల సార్లు వస్తవి. ఆ మొత్తం గ్రంథాన్ని జీనోము అంటారు. అది పదకొండు సంపుటాలుగా కట్టి ఉంటుంది. ఆ సంపుటాలే క్రోమోజోములు. ఒక్కొక్కటి రెండేసి ప్రతులు, ఒకటి తల్లి మొక్క ఇచ్చింది, ఒకటి తండ్రి మొక్క ఇచ్చింది. ఈ రెండు ప్రతుల మాట పాఠకులు గుర్తుపెట్టుకోవాలి. దానితో తరువాత పని ఉన్నది.

ఈ గ్రంథాన్ని చదవడమూ, తునకలుగా దొరికిన చదువును అతికించడమూ ఈనాడు బల్లమీది కంప్యూటరులో జరుగుతున్నవి. పెద్ద పరిశోధనాలయాల సంగతి అలా ఉంచి, కాలేజీలో చదువుకొనే పిల్లలు సైతం తమ లాప్‌టాపుల్లో ఆ పని చేస్తున్నారు. అది ఎలా జరుగుతుందో, దానివల్ల ఒక రైతుకు ఏమి ఒరిగిందో నేను దగ్గరగా చూశాను గనుక ఆ ముచ్చట చెబుతాను.

వికారాబాదులో మా చెల్లెలు కాపురం ఉంటున్నది. అనంతగిరి కొండల చలిగాలీ, ఆ కొండల్లో పుట్టిన మూసీనది పేరూ చెప్పి పిలవడం ఆమెకు అలవాటు. కిందటి డిసెంబరులో వెళ్ళాను. ఆమె కూతురు, అంటే నా మేనకోడలు, జీవశాస్త్రంలో ఎం.ఎస్సీ. చదువుతున్నది. మా బావగారికి తాండూరులో ఇంటికి బండలు బేరమాడే పని ఉంటే ముగ్గురమూ రైలెక్కాము. 1874లో నిజాం ప్రభువుల కాలంలో వేసిన దారి అది. వికారాబాదు దాటిన కాసేపటికి ఎర్రనేల పోయి నల్లనేల వస్తుంది. తాండూరు దగ్గర పడేసరికి దారి పక్కన కోసి పేర్చిన బండల గుట్టలు కనిపిస్తవి. ఆ బండల మధ్య ఎటు చూసినా కంది చేలే.

బేరం కుదిరిన తరువాత బావగారికి తెలిసిన ఒక రైతు మమ్మల్ని తన చేనుకు తీసుకువెళ్ళాడు. కాపు మీద ఉన్న చేను. కాని మధ్య మధ్య గుంపులు గుంపులుగా మొక్కలు నిలువునా ఎండి ఉన్నవి. ఆయన ఒక మొక్కను పీకి, కాండాన్ని కత్తితో నిలువునా చీల్చి చూపించాడు. లోపల నల్లని చార.

“ఎండు తెగులు సారూ! గిది నాకు ఎరుకే. నా బాధ గది గాదు. ఇది ఆశ ఇత్తనం. గీ తెగులు తట్టుకుంటదనే చెప్పిండ్రు. మరి ఎట్ల ఎండె? ఇత్తనమన్న ఖరాబుది గావాలె, లేకుంటే రోగమన్న కొత్తది గావాలె. ఏది నిజమో చెప్పెటోళ్ళు లేరు.”

ఆయన అడిగిన ప్రశ్న ఆషామాషీది కాదు. ఆశ అన్నది రైతులు ముద్దుగా పెట్టుకున్న పేరు కాదు, 1993లో విడుదలైన ఒక కంది రకం అసలు పేరే అది. పటాన్‌చెరువు దగ్గర 1972లో వెలసిన ఇక్రిశాట్ అనే అంతర్జాతీయ మెట్టపంటల పరిశోధనా సంస్థలో రూపొందినది. ఎండు తెగులునూ, పూత రానివ్వకుండా చేసే వెర్రి తెగులునూ తట్టుకుంటుందని దానికి పేరు. ఎండు తెగులు నేలలో ఉండే ఒక బూజు వల్ల వస్తుంది. వేరులో జొరబడి, నీరు పైకెక్కే దారులను మూసేస్తుంది. పంట కోసిన తరువాత కూడా మోళ్ళలో మూడేళ్ళ దాకా దాగి ఉంటుంది. విత్తనం చెడ్డదైతే వచ్చే యేడు విత్తనం మార్చాలి. బూజు కొత్త రకమైతే ఆ చేలో కందే మానుకోవాలి. ఏది నిజమో తెలియకపోతే ఎవరో చెప్పిన మందు సీసా కొని, చేనుకు పోసి, అప్పు మిగుల్చుకోవాలి. ఆ సంవత్సరం ఆయన ఇంటి లెక్కలన్నీ ఆ ప్రశ్న మీద ఆధారపడి ఉన్నవి.

మేనకోడలు మాట్లాడకుండా ఎండిన కాండాల ముక్కలు కొన్ని, పచ్చి ఆకులు కొన్ని విడివిడిగా కాగితపు సంచుల్లో వేసుకొని, పైన పెన్సిలుతో గుర్తులు వ్రాసుకున్నది. “చూద్దాం మామయ్యా, చెప్పలేము” అన్నది. తాను చదివే చోట గురువుల అనుమతితో వాటినుంచి డి.ఎన్.ఏ. తీసి, కావలసిన చిన్న చిన్న భాగాలను చదివించుకొని, వేసవి సెలవులకు ఆ ఫైళ్ళతో ఇంటికి వచ్చింది. నేనూ వెళ్ళాను.

భోజనాల బల్లమీద ఆవకాయ జాడీ పక్కకు జరిపి లాప్‌టాప్ తెరిచింది. ఫైలు తెరిస్తే అక్షరాలు వస్తాయనుకున్నాను. అక్షరాలు వచ్చినవి గాని, వాటి కింద రంగురంగుల అలలు కూడా వచ్చినవి. ఆకుపచ్చ అల వస్తే ఏ, నీలం వస్తే సీ, నలుపు వస్తే జీ, ఎరుపు వస్తే టీ. యంత్రం నిజానికి చూసేది అలలనే. అలను చూసి అక్షరం ఊహించి పైన వ్రాస్తుంది. మొదటి ముప్ఫై నలభై అక్షరాల దగ్గర అలలు ఒకదానిమీద ఒకటి పడి చిక్కులు పడ్డవి. చివర ఏడెనిమిది వందలు దాటేసరికి దీపం ఆరిపోతున్నట్లు చదునైపోయినవి. మధ్యభాగం మాత్రం అనంతగిరి శిఖరాల్లా స్పష్టంగా ఉన్నది.

“రెండు కొసలూ కత్తిరించేయాలి. అక్కడ యంత్రం చెప్పేది సగం కల్పన” అన్నది.

తరువాత అదే భాగాన్ని ఎదురు దిక్కునుంచి చదివిన రెండో ఫైలు తెరిచింది. డి.ఎన్.ఏ.లో రెండు పేటలు ఎదురెదురుగా ఉంటవి. ఒక పేటలో ఏ ఉన్నచోట రెండోదానిలో టీ, జీ ఉన్నచోట సీ. అందుచేత ఎదురునుంచి చదివినదాన్ని తిరగేసి, అక్షరాలు మార్చుకుంటే మొదటిదానితో సరిపోవాలి. ఒకటి తడబడ్డచోట రెండోది స్పష్టంగా పలుకుతుంది. ప్రోగ్రాము ఒక్క నిమిషంలో రెండింటినీ ఒకదానికింద ఒకటి చేర్చి, పేచీ ఉన్నచోట ఎర్రగీత గీసి చూపించింది. ఆ గీతల దగ్గర ఒక్కొక్కచోట ఆగి, అలలు చూసి, ఈమె తీర్పు చెప్పింది. అలా రెండు తునకల నుంచి ఒక నిర్దుష్టమైన వాక్యం తయారయింది.

జీనోము కూర్పు అనే మహాకార్యానికి ఇదే అ ఆలు. రెండు తునకలను కలిపినట్లే కోట్ల తునకలను కలపడం. ఎందుకు తునకలు చేయాలి, మొదటినుంచి చివరిదాకా ఏకబిగిని చదవకూడదా అని అడగవచ్చు. చదివే యంత్రాలకు అంత ఊపిరి చాలా కాలం లేదు. ఇంగ్లండులో సాంగర్ అనే మహనీయుడు 1977లో ఒక చిన్న వైరసు గ్రంథాన్ని, అంటే సుమారు 5,400 అక్షరాలను, పూర్తిగా చదివి వినిపించినప్పుడు కూడా తునకలుగానే చదివాడు. ఆ కేంబ్రిడ్జి పరిశోధనాలయంలోనే రోడ్జర్ స్టాడెన్ అనే ఆయన, తునకలను చేతితో అతికించే బాధ తప్పించడానికి కంప్యూటరు ప్రోగ్రాములు వ్రాశాడు. ఈనాటి కూర్పు ప్రోగ్రాములకు ఆయన పెద్ద తాతగారివంటివాడు.

కూర్పులో ఉన్న కష్టం ఏమిటో మన పద్ధతిలో చెప్పుకుందాం. ఒక పెద్ద కీర్తనల పుస్తకం వంద ప్రతులు తెప్పించి, అన్నింటినీ చిన్న చిన్న ముక్కలుగా చింపి కుప్ప పోశారనుకోండి. చింపిన చోట్లు ప్రతి ప్రతికీ వేరువేరుగా ఉంటవి. అంచేత ఒక ముక్క చివరి మాటలూ, మరొక ముక్క మొదటి మాటలూ ఒకటైతే ఆ రెండూ పక్కపక్కవని గుర్తుపట్టి చేర్చుకుంటూ పోవచ్చు. ఓపిక ఉంటే పుస్తకం తిరిగి వస్తుంది. కాని కీర్తనలో పల్లవి ప్రతి చరణం తరువాతా వస్తుంది గదా! పల్లవి మాత్రమే ఉన్న ముక్క చేతికి వస్తే, అది ఏ చరణం తరువాతదో ఎలా తెలుస్తుంది? కంది గ్రంథంలో సుమారు సగం ఇలాంటి పల్లవులే. ముక్క పల్లవికంటె పొడుగ్గా ఉండి, అటూ ఇటూ చరణాల మాటలు కాసిని కనిపిస్తే తప్ప చిక్కు విడదు.

మనుష్యుని గ్రంథం కూర్చేటప్పుడూ ఇదే తంటా. అది 300 కోట్ల అక్షరాలది. అమెరికాలో శాంతాక్రజ్ విశ్వవిద్యాలయంలో జిమ్ కెంట్ అనే విద్యార్థి 2000 సంవత్సరంలో నాలుగు వారాలు కూర్చుని ఒక కూర్పు ప్రోగ్రాము వ్రాశాడు. వ్రాసి వ్రాసి వాచిన మణికట్లను రాత్రిళ్ళు మంచుగడ్డలలో పెట్టుకొనేవాడట. బల్లలమీద పెట్టుకొనే మామూలు కంప్యూటర్లు వంద జతచేసి దాన్ని నడిపించారు. ఆ ఏడు జూలైలో ఆ కూర్పును లోకానికంతకూ ఉచితంగా ఇచ్చారు. అయినా పల్లవులున్న చోట్ల ఖాళీలు మిగిలిపోయినవి. ఆ ఖాళీలు పూడి, మనిషి గ్రంథం నిజంగా పూర్తయినది 2022లోనే. అప్పటికి ఏకబిగిని వేలకొద్దీ అక్షరాలు చదివే యంత్రాలు వచ్చినవి.

మరి మన కంది మాటేమిటి? వరి గ్రంథం, మొక్కజొన్న గ్రంథం కందికంటె ఎంతో ముందుగానే చదివారు. కందిని శాస్త్రజ్ఞులు అనాథ పంటల్లో లెక్కవేసేవారు. ధనిక దేశాలవారు తినరు. వారు తినని పంటమీద వారి డబ్బు ఖర్చు కాదు. ప్రపంచంలో పండే కందిలో చాలా భాగం పండించేదీ తినేదీ మనమే. మన పప్పు పుస్తకం మనం చదువుకోకపోతే మరెవరు చదివిపెడతారు?

2011లో ఆ లోటు తీరింది. చిత్రమేమంటే ఒకేసారి రెండు పక్షాలు ఆ పని పూర్తిచేసినవి. ఢిల్లీలో మొక్కల జీవసాంకేతిక పరిశోధనా కేంద్రంలో నాగేంద్ర కుమార్ సింగ్ నాయకత్వాన పూర్తిగా భారతీయ శాస్త్రజ్ఞుల బృందం ఒకటి. వికారాబాదుకు ఎంతో దూరం లేని పటాన్‌చెరువులో, ఇక్రిశాట్‌కు చెందిన రాజీవ్ వర్ష్నేయ నాయకత్వాన అనేక దేశాలవారు కలిసిన బృందం మరొకటి. రెండు పక్షాలూ చదివినది ఒకే రకాన్ని: ఆశ. మన తాండూరు రైతు చేలో ఉన్నది అదే.

పటాన్‌చెరువు బృందం సుమారు 23,700 కోట్ల అక్షరాల తునకలు చదివించింది. కూర్చగా 60 కోట్ల పైచిలుకు అక్షరాలు నిలిచినవి. అంటే గ్రంథంలో నూటికి 73 వంతులు. అందులో 48,680 జన్యువులు ఉన్నట్లు తేలింది. ఢిల్లీ బృందం వేరే తరహా యంత్రంతో చదివి 51 కోట్ల అక్షరాలు కూర్చింది. వారి లెక్కలో జన్యువులు 47,004. ఒకే గింజ, రెండు కూర్పులు, రెండు లెక్కలు! ఎవరు తప్పు? ఎవరూ తప్పు కాదు. యంత్రం వేరు, తునకల పొడుగు వేరు, కూర్చిన పద్ధతి వేరు. కంప్యూటరు ఇచ్చేది నిజాన్ని కాదు, నిజాన్ని గురించి మంచి ఆధారాలున్న ఒక అభిప్రాయాన్ని. ఈ మాట గుర్తుంచుకొన్నవాడే ఆ పనిముట్టును సరిగా వాడగలడు.

ఇంతకూ మా భోజనాల బల్లమీది లాప్‌టాప్ ఏ పాటిది? దానికి కంది గ్రంథమంతా కూర్చే శక్తి లేదు. అంత పెద్ద మొక్క గ్రంథానికి వందల గిగాబైట్ల జ్ఞాపకశక్తి ఉన్న యంత్రం కావాలి. కాని చిన్న గ్రంథాలు ఎన్నో ఉన్నవి. కంది ఆకుకు పచ్చదనమిచ్చే హరితరేణువుకు సొంత గ్రంథం ఉన్నది, అది లక్షన్నర అక్షరాలదే. కంది వేళ్ళమీద బుడిపెల్లో కాపురముండి, గాలిలోని నత్రజనిని పట్టి నేలకు ఎరువుగా ఇచ్చే సూక్ష్మజీవి ఉన్నదే, దాని గ్రంథం కోటి అక్షరాల లోపే. ఇటువంటివి ఇంటి కంప్యూటరులో కూర్చవచ్చు.

ప్రోగ్రాములకూ కొదవ లేదు. న్యూజిలాండులో పుట్టిన జీనియస్, అమెరికాలో మాడిసన్ పట్టణపు డి.ఎన్.ఏ.స్టార్ కంపెనీవారి లేసర్‌జీన్ వంటివి డబ్బు పోసి కొనుక్కోవలసినవి. విద్యార్థులకు అంత స్తోమతు ఎక్కడిది? వారికోసం ఉచితమైనవి ఉన్నవి. సైబీరియాలోని నవసిబీర్స్క్ నగరంలో తయారైన యూజీన్ ఒకటి. అలలు చూపిస్తుంది, తునకలు కలుపుతుంది, చిన్న జీనోములు కూర్చడానికీ పనికి వస్తుంది. మెగా అని మరొకటి. 1993లో మొదలైనది. దాన్ని తయారుచేసినవారిలో సుధీర్ కుమార్ అనే భారతీయుడున్నాడు. పది మొక్కల అక్షరాలు ఇస్తే ఎవరు ఎవరికి దగ్గర చుట్టాలో వంశవృక్షం గీసి చూపిస్తుంది. ఇక మన చేతిలోని వాక్యం ఏ ప్రాణిదో తెలియకపోతే, దాన్ని ఇంటర్నెట్టు ద్వారా పంపితే, 1982 నుంచి లోకంలోని డి.ఎన్.ఏ. వాక్యాలన్నీ దాచిపెడుతున్న జెన్‌బ్యాంకు అనే భాండాగారంతో పోల్చి సమాధానం చెప్పే ఏర్పాటున్నది.

మేనకోడలు మొదట బూజు సంగతి చూసింది. కాండంలోంచి తీసిన వాక్యాన్ని జెన్‌బ్యాంకుకు పంపింది. సమాధానం క్షణంలో వచ్చింది: ఫ్యుజేరియం. నూటికి 99 వంతులు పోలిక.

“ఇంకేం, తేలిపోయింది గదా!” అన్నాను.

“తేలలేదు మామయ్యా. ఇంటిపేరే తెలిసింది. ఈ భాగం ఫ్యుజేరియాలన్నింటిలోనూ దాదాపు ఒకలాగే ఉంటుంది. ఫలానా అని చెప్పాలంటే మరో జన్యువు చూడాలి.”

ఆ రెండో జన్యువును కూడా చదివించే తెచ్చుకున్నది. దాన్ని పోల్చి, మెగాలో వృక్షం గీస్తే, కందికి ఎండు తెగులు తెచ్చే పాత బూజుల కొమ్మమీదనే ఇదీ కూర్చున్నది. కాండం చీల్చి రైతు చెప్పినదే నిజం. ఏ చదువూ లేని ఆయన కత్తీ, ఇంత చదువున్న ఈమె కంప్యూటరూ ఒకే మాట చెప్పినవి. అయితే ఆ బూజులో కొత్త పౌరుషం ఏమైనా పుట్టిందా అన్నది ఈ రెండు జన్యువులు చూసి చెప్పగలిగేది కాదని ఈమే స్పష్టంగా అన్నది.

ఇక విత్తనం. ఆశకూ, ఇతర రకాలకూ అక్షరం తేడా ఉన్న చోట్లు శాస్త్రజ్ఞులు ఇదివరకే గుర్తించి అచ్చువేశారు. అటువంటి కొన్ని చోట్లను ఎండిన మొక్కల నుంచీ, నిలిచిన మొక్కల నుంచీ చదివించుకొని వచ్చింది. ప్రోగ్రాము వ్రాసి ఇచ్చిన అక్షరాలు చూస్తే చాలా మొక్కలు ఆశలాగే ఉన్నవి. విత్తనం మంచిదే అనిపించింది. కాని ఈ పిల్ల అక్కడ ఆగలేదు. ఒక్కొక్క చోటికీ వెళ్ళి అలలు చూడడం మొదలుపెట్టింది.

“ఇటు చూడండి” అని తెరమీద వేలు పెట్టింది.

నల్లని అల ఎత్తుగా ఉన్నది. దాని కిందనే, దాని నీడలా, ఆకుపచ్చ అల ఒకటి ఉన్నది. ప్రోగ్రాము పెద్దదాన్ని చూసి జీ అని వ్రాసి ఊరుకున్నది. రెండోదాన్ని లెక్కలోకి తీసుకోలేదు. కాని కందికి రెండు ప్రతులు ఉంటవని ముందే అనుకున్నాము గదా. ఒక ప్రతిలో జీ, రెండో ప్రతిలో ఏ. అంటే ఆ మొక్కకు తల్లి ఆశ, తండ్రి మరెవరో! ఎండిన మొక్కల్లో ఎక్కువ వాటిలో ఏదో ఒక చోట ఇలా జంట అలలో, లేకపోతే పూర్తిగా పరాయి అక్షరమో కనిపించినవి. పచ్చగా నిలిచిన వాటిలో అది అరుదు.

మర్నాడు బావగారు ఫోను చేసి రైతును ఒకే ఒక ప్రశ్న అడిగారు: విత్తనం ఎప్పుడు కొన్నావు? నాలుగేళ్ళ కింద కొన్నాడట. అప్పటినుంచి తన చేలో పండినదే ఎత్తిపెట్టి విత్తుతున్నాడు. చుట్టూ ఉన్న చేలల్లో రకరకాల కందులు. కంది పువ్వు తేనెటీగలకు ప్రీతి. ఆ చేలో పుప్పొడి ఈ చేలోకి తెస్తవి. కందిలో అయిదింట ఒక వంతు దాకా, ఒక్కొక్క చోట అంతకుమించి, ఇలా పరాయి పుప్పొడితో గింజ కట్టడం సాధారణం. నాలుగేళ్ళు గడిచేసరికి పేరు ఆశే గాని, చేను కలగూరగంప అయింది. అమ్మినవారు మోసం చేయలేదు. కొత్త రోగం వచ్చిందనడానికి ఆధారం దొరకలేదు. దొంగలు తేనెటీగలు!

గుప్పెడు మొక్కలు చూసి ఇదే నిశ్చయమని శాసనం చెక్కడానికి వీలులేదని మేనకోడలు హెచ్చరించింది. కాని ఆయన చేయవలసినదానికి అది చాలు. మందు సీసా కొనలేదు. ఎండిన జాగాలో ఈ ఏడు జొన్న వేశాడు, జొన్న పడిన నేలలో ఈ బూజు తగ్గుతుంది. తక్కిన నేలకు ధ్రువీకరించిన కొత్త విత్తనం తెచ్చాడు. మూడేళ్ళకోసారి విత్తనం మార్చమని వ్యవసాయశాఖవారు చెప్పే మాట ఆయన విననిది కాదు. ఎందుకు మార్చాలో ఇప్పుడు తెలిసింది. “తేనెటీగల మీద కేసు పెట్టలేం గద సారూ” అని నవ్వాడు.

ఇంత శక్తిగల ఈ పనిముట్టు తాండూరు కందిని గురించి ఒక్క మాట మాత్రం చెప్పలేదు. తాండూరు కందిపప్పుకు ఉన్న పేరు మీకు తెలిసినదే. 2022 డిసెంబరులో దానికి భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. ఎక్కడెక్కడి పప్పో తాండూరు పేరు పెట్టి అమ్మరాదని దాని తాత్పర్యం. కొన్న పప్పు నిజంగా తాండూరుదేనా అని కంప్యూటరును అడిగితే చెబుతుందా? గింజ ఏ రకానిదో చెప్పగలదు. ఏ నేలలో పండిందో చెప్పలేదు. ఒకే ఆశ గింజను తాండూరులో విత్తినా, మరో జిల్లాలో విత్తినా గ్రంథం ఒకటే, అక్షరం మారదు. తాండూరు రుచిలో ఒక పాలు ఆ నల్లరేగడిది, అందులోని అట్టపుల్గైటు అనే బంకమట్టిది, కింద పరచుకొన్న సున్నపురాతిది, దాన్ని సమయానికి కోసి ఎండబెట్టే చేతులది. అంచేత ఆ పేరును కాపాడవలసినవి కాగితాలూ, రైతు సంఘాలూ, నాణ్యం అడిగి కొనే గృహిణులూ.

మన ఇళ్ళలో ఈ శాస్త్రం చదివే పిల్లలు ఇప్పుడు ఎందరో ఉన్నారు. ఏ ప్రోగ్రాము ఎక్కడ నొక్కాలో వారు పది రోజుల్లో నేర్చుకుంటారు. అది గొప్ప కాదు. యంత్రం ఒక అక్షరం వ్రాసి ఇచ్చినప్పుడు, దానికింద అల ఎలా ఉన్నదో వంగి చూసే అలవాటు నేర్పవలసినది మనం. ఆ అలవాటు మన వంటిళ్ళకు కొత్త కాదు. కొట్టువాడు శుభ్రమైన పప్పు అని పొట్లం మీద ఎంత అందంగా అచ్చువేసి ఇచ్చినా, చేటలో పోసి ఒక్కసారి చెరిగి, రాయి ఏరనిదే మన అమ్మలు ఎసట్లో పోయలేదు గదా!